మాలకో లెక్క, మంచానికో లెక్క

మా వీధి చివరి మేస్త్రి ఓ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. పొద్దున్నే క్వార్టరు పడందే తాపీ పట్టని మనిషి. మూడో రాత్రి నల్లపంచె మీద చీమలు పాకుతున్నాయంటూ ఒకటే ఏరడం. ఒక్క చీమా లేదు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట. స్వామి ఒంటి మీదికొచ్చాడన్నారు కొందరు. నియమం తప్పి ఉంటాడన్నారు ఇంకొందరు. ఆస్పత్రిలో డాక్టరు అడిగింది ఒక్కటే, "ఆఖరుసారి ఎప్పుడు తాగాడమ్మా?"

ఏళ్లుగా తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజులకు ఇలా కావచ్చు. ఫిట్స్ రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. లొరాజెపామ్, థయామిన్ ఇచ్చి కనిపెట్టుకుని ఉంటే చాలామంది వారంలో తేరుకుంటారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం పోటెత్తింది కూడా ఇందుకే. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజెపామ్ లాంటి మత్తుమందులు మరి, అవి ఉన్నట్టుండి ఆగినా ఇదే తంతు.

మేస్త్రి తేరుకున్నాడు. నాలుగు నెలలకు మళ్లీ మొదలెట్టాడు. ఆస్పత్రిలో పోసిన డబ్బులు దండగన్నారు అందరూ. మాల తీసిన సాయంత్రమే సీసా పట్టేవాళ్లను ఏటా చూస్తాం, అయ్యప్ప వల్ల ఏమైందని ఒక్కరూ అడగరు. దేవుడికి నలభై ఒక్క రోజులు చాలు, డాక్టరు మాత్రం జన్మంతా పూచీ పడాలి!

ఆ మాటకొస్తే ఆస్పత్రి మంచాన్ని కూడా క్షేత్రం చేసేశాం. నెల రోజులు పడుకోబెడితే పాపం కడుక్కుపోయినట్టు తాగుడు పోతుందని నమ్మకం. లండన్‌లో మానసిక వైద్యుడు గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం వంద మంది పెళ్లైన తాగుబోతుల్ని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు భార్యను పక్కన కూర్చోబెట్టి ఒక్కసారి గట్టిగా చెప్పి పంపారు. రెండో జట్టుకు నెలల తరబడి వైద్యం, అవసరమైతే అడ్మిషను. ఏడాది తర్వాత చూస్తే పెద్ద తేడా లేదని 1977లో ప్రకటించారు. అలాగని మంచం వృథా కాదు. ఆ మూడో రాత్రి గట్టెక్కించేది అదే. దాని పని అంతవరకే, అసలు వైద్యం ఇంటికొచ్చాకే మొదలు. మనకు ఆ మంచం దొరకడమూ గగనమే. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం తాగుడుకు బానిసలైనవారిలో ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది నూట ఎనభై మందిలో ఒక్కరు.

మేస్త్రి ఇప్పుడు పదిహేను రోజులకోసారి ఓపీకి వెళ్తున్నాడు. నాల్ట్రెక్సోన్ వాడుతున్నాడు. మధ్యలో రెండుసార్లు జారాడు, మళ్లీ వెళ్లాడు. మొన్న ఎదురుపడి, ఈ ఏడూ మాల వేసుకుంటానన్నాడు.

"వేసుకో మేస్త్రీ, మాత్ర మాత్రం మానకు."

"నియమానికి అడ్డం కాదా సారూ?" అని కాసేపు ఆలోచించి, గురుస్వామిని అడిగి చెప్తానన్నాడు.