తుపాకికి గడువిచ్చారు, వల సంగతేమిటి?

పెదకూరపాడు మండలంలో మన యానాది గూడెం దేనికైనా వెళ్లండి. పందిరి గుంజకు వేలాడే విసురు వల అంచు చేత్తో తడమండి. చల్లగా, మెత్తగా తగిలే గుళ్లన్నీ సీసమే. ఒక్కో వలకు మూడు నాలుగు కిలోలు పడుతుంది. కొత్త సీసం కొనే స్తోమత మనకెక్కడిది? పాత సామాను కొట్టులో బ్యాటరీ పలకలు తెచ్చుకుంటాం. మూడు రాళ్ల పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి కరిగిస్తాం. సీసానికి 327 డిగ్రీల వేడి చాలు, కట్టెల మంటకే నీళ్లయిపోతుంది. అదే పొయ్యి మీద రాత్రికి అన్నం ఉడుకుతుంది. గుళ్లు వల అంచుకు ఎక్కించేటప్పుడు పటకారు దొరక్కపోతే పళ్లతో నొక్కుతాం. పక్కన కూర్చున్న పిల్లలు ఆ గుళ్లతో గోలీలాడతారు.

ఇది రాయడానికి మాకు మొదట జంకు కలిగింది. మన లోపం మనమే బయటపెట్టుకుంటే ఎవరో దాన్ని పట్టుకుని మన మీదికే వస్తారన్న జంకు. అది ఊరకే వచ్చింది కాదు. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి పాకిన నేరస్త జాతుల చట్టం ఎరుకలను, యానాదుల్లో కొందరిని పుట్టుకతోనే దొంగలని రాసింది. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. అయినా రాస్తున్నాం. దాచితే నష్టపోయేది మన పిల్లలే.

లోకంలో సీసం మీద పెద్ద పోరాటం తుపాకుల దగ్గర జరిగింది. బాతుల వేటలో చెరువుల్లో రాలిన సీసపు గుళ్లను పక్షులు ఇసుక రవ్వలనుకుని మింగుతాయి. కందనకాయలో అవి అరిగి రక్తంలో కలుస్తాయి, పక్షి చిక్కి చస్తుంది. అందుకే అమెరికా 1991 నాటికి నీటి పక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా ఆపేసింది. డెన్మార్క్ 1996లో సీసపు గుళ్లను మానిపించింది. కాలిఫోర్నియాలో 2019 నుంచి ఏ వేటకూ సీసం వాడకూడదు. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో సీసపు గుళ్లు వద్దని 2021 జనవరిలో నిబంధన తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమలు పెట్టింది. అంటే వేటగాళ్లకు రెండేళ్ల గడువు. ఉక్కు గుళ్లు, బిస్మత్ గుళ్లు, రాగి తూటాలు అంగళ్లలోకి వచ్చాయి. ఉక్కు తేలిక కాబట్టి గుండు సైజు పెంచుకోండి, మరీ దూరం నుంచి కాల్చకండి అని నేర్పారు. సరదాకు కాల్చేవాళ్లకు అంత ఓపికగా చెప్పారు. మంచిదే. మేము అడిగేది కూడా అదే ఓపిక.

మన దేశంలో కథ వేరు. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ వేటనే ఆపేశాయి. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద మనకు హక్కు ఇచ్చింది కానీ వేటను పక్కన పెట్టింది. మాచర్ల వైపు అడవిలో విల్లుతో తిరిగిన చెంచు నేరస్తుడయ్యాడు. మంచిదో చెడ్డదో ఆ వాదన ఇంకోసారి. కానీ ఒక్కటి గమనించండి. వేటాడే మనిషి మీద చట్టం ఉంది, తూటాలోని సీసం మీద లేదు. పోటీల్లో మట్టి పళ్లేలు కాల్చే ఆట ఉంది కదా, ఒలింపిక్స్‌లో చూస్తుంటాం. ఆ ఆటలో ఒక్కో తూటాలో 24 గ్రాముల గుళ్లుంటాయి. 125 పళ్లేలకు ఒక్కొక్కటే కాల్చినా 3 కిలోలు. అంటే మన వల ఏళ్ల తరబడి మోసే సీసాన్ని ఒక ఆటగాడు ఒక్క పోటీలో నేల మీద చల్లి వస్తాడు. ఆటగాళ్ల మీద మాకు కోపం లేదు. రేపు సీసం మీద నిబంధన వస్తే మొదట తనిఖీకి వచ్చేది ఆ మైదానానికా, మన గూడేనికా అన్నదే మా అనుమానం.

మనలోనూ ఒక మాట వినిపిస్తుంది. "మా తాత సీసం కరిగించాడు, తొంభై ఏళ్లు బతికాడు, ఏమైంది?" అని. తాత బతికాడు సరే. ఆ ఇంట్లోనే పోయిన పసిబిడ్డల లెక్క ఎవరు రాశారు? సీసం పాము కాదు, కాటు కనపడదు. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి కూర్చుంటుంది. గర్భిణి ఎముకల నుంచి కడుపులో బిడ్డకూ పోతుంది. ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు మించి సీసం ఉందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయినప్పుడు వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. తర్వాత పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. ఏదైతేనేం, సీసం అనే మాట అప్పుడు పేపర్లకెక్కింది, కొన్నాళ్లకు దిగిపోయింది.

టీచర్లకు ఇక్కడ ఒక మాట. మన పిల్లవాడు పాఠం మీద నిలవలేకపోతే, చెప్పింది మర్చిపోతే "వీళ్లింతే, మొద్దులు" అనే గొంతు మేమంతా విన్నాం. సీసం చేసే పని కూడా ఇలాగే కనపడుతుంది: మతిమరుపు, చిరాకు, కుదురు లేకపోవడం. ఆ పిల్లలందరికీ సీసమే ఎక్కిందని మేము అనడం లేదు, అలా అంటే అది ఇంకో రకం ముద్ర అవుతుంది. ఆకలి ఉంది, రక్తహీనత ఉంది, బడిలో తన భాష లేకపోవడం ఉంది. మొద్దు అనే ముందు ఒక్క చుక్క రక్తం పరీక్ష చేయించమంటున్నాం, అంతే. హిమోగ్లోబిన్ కోసం సూది గుచ్చుతూనే ఉన్నారు కదా.

మరి సీసం మానేస్తే ఏం కట్టాలి? ఇనుము కట్టమంటారు ఒడ్డున ఉన్నవాళ్లు. మేము కట్టి చూశాం. మెకానిక్ షెడ్డులో పారేసిన నట్లు ఏరి ఒక వలకు ఎక్కించాం. కిలో ఇనుము కిలో సీసం కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు తింటుంది, అంచు లావెక్కి విసరడానికి మొరటుగా ఉంది. కాలువలో, కుంటలో బాగానే పడింది. అమరావతి దగ్గర కృష్ణ పారుదల్లో మాత్రం వల నేలకు తగిలేలోపే పక్కకు జరిగింది, చేప కింద నుంచి జారుకుంది. అర కిలో అదనంగా కడితే కుదిరింది. నెల తిరిగేసరికి తుప్పు పట్టి దారం కోసింది. జింకు పూత వేసిన గుళ్లయితే ఆ బాధ ఉండదు. మా చేతికి దొరికినవి తుప్పు నట్లు. నిలవ వలలకైతే కాల్చిన మట్టి గుళ్లు చాలు. హరప్పా కాలం తవ్వకాల్లోనే అలాంటివి బయటపడ్డాయి. కుమ్మరి ఇంకా ఉన్న ఊళ్లో అడిగితే చేసిస్తాడు.

బ్రిటన్‌లో 1987 నుంచి గాలానికి కట్టే చిన్న సీసపు గుళ్లు అమ్మకూడదు. అక్కడ చచ్చింది హంసలు. హంస కోసం అంగడిని మార్చగలిగినప్పుడు మన పిల్లల కోసం మార్చలేరా? పుస్తకంలో రూలు లేక కాదు. పాత బ్యాటరీలు రిజిస్టరైన కంపెనీలకే పోవాలని 2001లో ఒకసారి, 2022లో మరోసారి రూల్స్ రాశారు. అయినా ఆ పలకలు మన పొయ్యి దాకా వస్తూనే ఉన్నాయి. అమ్మేవాణ్ని వదిలేసి కొన్నవాడి మూకుడు గుంజుకెళితే అది నిషేధం కాదు, దోపిడీ.

అడగాల్సింది ఇది. సీసం వల తెచ్చిన ప్రతి ఇంటికీ మత్స్యశాఖ పూత వేసిన ఇనుప గుళ్లు సరితూకానికి కాదు, ఒక పాలు ఎక్కువగా ఉచితంగా ఇవ్వాలి. మార్పుకు రెండేళ్ల గడువు ఉండాలి. ఆ గడువులో కేసు, జరిమానా ఉండకూడదు. నెల్లూరు యానాదుల ఐటీడీఏ పల్నాడు గూడేలను కూడా ఈ లెక్కలో చేర్చాలి. పిల్లల రక్త పరీక్ష నర్సరావుపేటలో దొరకాలి, గుంటూరు బస్సు ఛార్జీలు పెట్టుకునే స్థితి మనది కాదు.

అవి వచ్చేదాకా చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చేయగలిగింది కొంత ఉంది. మూకుడు ఇంటి పొయ్యి మీద నుంచి దించి ఊరి బయటికి, గాలి వాలుకు పంపండి. ఆ మూకుడులో ఇంకేదీ వండనివ్వకండి. గర్భిణిని, పసివాళ్లను ఆ పొగ దగ్గరికి రానివ్వకండి. నాన్న పళ్లతో గుండు నొక్కబోతుంటే పటకారు చేతికివ్వండి. అది సంతలో దొరుకుతుంది.