పని చేస్తూ చదివిన ఏళ్లు: కెనడా దరఖాస్తులో దాచకూడదు, పెంచకూడదు

కెనడా ప్రభుత్వం 2025లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలో విద్యారంగాన్ని ఒక ప్రత్యేక విభాగంగా చేర్చింది. ప్రాథమిక, హైస్కూలు టీచర్లు ఆ జాబితాలో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వ్యవహారంగానే కనిపించే శాశ్వత నివాస దరఖాస్తు దీంతో ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పే మనవాళ్లకూ దగ్గరైంది. అయితే ఆ దరఖాస్తులో వాళ్లకు ఒక చిక్కు ఉంది. ఒక వరుసలో రెండేళ్ల రెగ్యులర్ బీఈడీ. ఇంకో వరుసలో అవే రెండేళ్ల ఫుల్‌టైమ్ ఉద్యోగం. తారీఖులు ఒకటే, మనిషి ఒక్కరే. రెండూ ఎలా సాధ్యమయ్యాయని అధికారి అడగవచ్చు.

దీనికి బయట రెండు సలహాలు వినిపిస్తాయి. ఉద్యోగం రాయొద్దు, అనుమానం వస్తుంది అనేది ఒకటి. రెండూ ఫుల్‌టైమ్ అని రాసేయండి, పాయింట్లు పెరుగుతాయి అనేది రెండోది. మొదటిది పడిన కష్టాన్ని దాస్తుంది. రెండోది లేని గంటల్ని చూపిస్తుంది. రెండూ తప్పే. తేడా వస్తే నష్టపోయేది సలహా ఇచ్చినవాళ్లు కాదు, సంతకం పెట్టినవాళ్లు.

నిబంధన ఏం చెబుతోంది

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. చదువుతూ పని చేయడం కెనడా చట్టం దృష్టిలో తప్పు కాదు. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కార్యక్రమంలో విద్యార్థిగా ఉన్నప్పటి పనిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. షరతులు ఉన్నాయి: పనికి జీతమో కమిషనో అంది ఉండాలి, మధ్యలో తెగకుండా సాగి ఉండాలి, నైపుణ్యం ఉన్న పనుల కోవలోకి రావాలి. గత పదేళ్లలో కనీసం ఒక ఏడాది వరుసగా పని చేసి ఉండాలి.

ఏడాది అంటే 1,560 గంటలు, అంటే వారానికి 30 గంటల చొప్పున. వారానికి 50 గంటలు చేసినా 30 గంటలకే లెక్క. వారానికి 15 గంటల పార్ట్‌టైమ్ పని రెండేళ్లు చేసినా అదే 1,560 వస్తుంది. చదువుతూ పని చేసినవాళ్లకు చాలాసార్లు నిజానికి దగ్గరగా ఉండేది ఈ పార్ట్‌టైమ్ లెక్కే. పీహెచ్‌డీ చేస్తూ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పీరియడ్ల చొప్పున చెప్పినవాళ్లు దాన్ని ఫుల్‌టైమ్‌గా చూపాల్సిన పనే లేదు. ఉన్న గంటల్ని ఉన్నట్టు రాసినా అనుభవం నిలబడుతుంది.

మరి గంటలు పెంచాలనే ఆశ ఎక్కడిది? పాయింట్ల పట్టిక నుంచే. ఇంగ్లిష్‌లో సీఎల్‌బీ 9 స్థాయి సాధించినవాళ్లకు ఒకటి, రెండేళ్ల విదేశీ అనుభవానికి 25 పాయింట్లు వస్తాయి. మూడేళ్లు నిండితే 50. బీఈడీ చదివిన రెండేళ్లను కూడా ఫుల్‌టైమ్‌గా కలిపితే ఒకటి మూడవుతుంది, 25 యాభై అవుతుంది. కటాఫ్ దగ్గర ఆ తేడా చాలా పెద్దది.

ఆ లెక్క కూలిపోతే రెండు రకాల నష్టం ఉంది. ఆ ఏళ్లకు సరైన ఆధారం లేదని అధికారి వాటిని తీసేస్తే పాయింట్లు కటాఫ్ కంటే దిగువకు పడిపోవచ్చు, దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. ఇది నష్టమే, కానీ మళ్లీ ప్రయత్నించవచ్చు. తెలిసి అబద్ధం చెప్పారని తేలితే వ్యవహారం వేరు. కెనడా వలస, శరణార్థుల రక్షణ చట్టం 40వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ల నిషేధం పడుతుంది. తప్పుడు సమాచారం ఇవ్వడమే కాదు, ముఖ్యమైన విషయాన్ని దాచడం కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుంది. ఏజెంటు నింపాడు, నాకు తెలియదు అన్న జవాబు సాధారణంగా కాపాడదు.

ఇక్కడే చాలామందికి తెలియని తేడా ఒకటుంది. పని అనుభవాన్ని పాయింట్లకు చూపడం వేరు, వ్యక్తిగత చరిత్రలో రాయడం వేరు. చరిత్రలో గత పదేళ్లలో ఏ నెల ఏం చేశారో ఖాళీ లేకుండా రాయాలి. అక్కడ చదువూ ఉద్యోగమూ పక్కపక్కనే ఉండవచ్చు, తప్పులేదు. సరైన ఆధారం లేని ఉద్యోగాన్ని పాయింట్లకు చూపకుండా ఉండవచ్చు. చరిత్ర నుంచి మాత్రం తీసేయకూడదు.

మన దగ్గరి అబద్ధం

అసలు చిక్కు కెనడాలో పుట్టలేదు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో 'నాన్ అటెండింగ్' అనే మాట తెలియని బీఈడీ అభ్యర్థి ఉండరు. అదనంగా డబ్బు కడితే కొన్ని ప్రైవేటు కాలేజీలు హాజరు వేసేస్తాయి. అభ్యర్థి ఊళ్లోనో పట్నంలోనో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ ఉంటారు. కాగితం ప్రకారం మాత్రం ఉదయం పది గంటలకు రెండు చోట్లా హాజరే.

ఈ ఏర్పాటులో లాభం కాలేజీది. తక్కువ జీతానికి టీచరు దొరికారు కాబట్టి బడిదీ లాభమే. పదేళ్ల తర్వాత వేరే దేశపు అధికారి ముందు జవాబు చెప్పాల్సింది మాత్రం అభ్యర్థి ఒక్కరే.

అలా చదివింది ఎవరు? ఇంట్లో ఎవరో ఫీజు కడితే హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ల దరఖాస్తులో డిగ్రీ, ఆ తర్వాత ఉద్యోగం, ఒకదాని వెనక ఒకటి శుభ్రంగా ఉంటాయి. వ్యవసాయ కూలీల పిల్లలు, ఇంటికి మొదటి చదువరులు అలా వరుసగా చదవలేరు. చదువు ఆపితే మళ్లీ మొదలు కాదు, పని ఆపితే ఇల్లు గడవదు. హాజరు 75 శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కాబట్టి చేస్తున్న ఉద్యోగం గురించి కాలేజీలో నోరు విప్పరు. ఆ మౌనం అలవాటై చివరికి వీసా దరఖాస్తులోకి కూడా వస్తుంది. దూరవిద్యలో బీఈడీ ఉంది కదా అంటారు. ఉంది, కానీ అందులో చేరాలంటే ముందే టీచర్ శిక్షణ పొంది ఉండాలి. శిక్షణ లేకుండా ప్రైవేటు బడిలో చేరిన డిగ్రీ పట్టభద్రులకు ఆ తలుపు మూసే ఉంది.

అంబేడ్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి, కూడబెట్టిన డబ్బుతో 1920లో లండన్ చదువుకు తిరిగి వెళ్లారు. అక్కడ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతూనే గ్రేస్ ఇన్‌లో న్యాయవాద విద్య కొనసాగించారు. మన చదువుల చరిత్రలో పనీ చదువూ ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం కొత్త కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు.

లెక్కకు రాని శ్రమ

నిబంధన విద్యార్థి పనిని ఒప్పుకున్నంత మాత్రాన అందరి శ్రమనూ ఒప్పుకున్నట్టు కాదు. కెనడా ఉద్యోగాలను ఆరు టీర్ స్థాయిలుగా విడగొట్టింది. 0 నుంచి 3 వరకే ఈ కార్యక్రమానికి పనికొస్తాయి. రాత్రంతా కాల్ సెంటర్లో ఫోన్లు ఎత్తి పగలు డిగ్రీ చదివినవాళ్ల పని 4వ స్థాయి. సెక్యూరిటీ గార్డు పనీ 4వ స్థాయే. భవన నిర్మాణ కూలీ 5వ స్థాయి. ఇవి ఎన్నేళ్లు చేసినా అనుభవం సున్నా. బీఈడీ ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదు కాబట్టి అదీ లెక్కలోకి రాదు. వేసవిలో జీతం ఆపేసే బడులు మన దగ్గర ఉన్నాయి. ఆ నెలల్ని జీతం అందిన నెలలుగా చూపకూడదు, 'వరుసగా ఏడాది' అనే షరతు అక్కడే తెగిపోవచ్చు.

ఇప్పటికే కెనడా వెళ్లి చదువుతున్నవాళ్లకు నిబంధన ఇంకా కఠినం. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉన్నప్పుడు చేసిన ఏ పనీ లెక్కకు రాదు. 2022 నవంబరు నుంచి 2024 ఏప్రిల్ చివరి దాకా క్యాంపస్ బయటి పనికి వారానికి 20 గంటల పరిమితిని అక్కడి ప్రభుత్వమే ఎత్తేసింది. కార్మికుల కొరత తీర్చడానికి విద్యార్థుల శ్రమ కావాల్సి వచ్చింది. అప్పుడు 40 గంటలు చట్టబద్ధంగా పని చేసినవాళ్లు కూడా ఆ గంటల్ని ఈ క్లాస్ కింద చూపలేరు. శ్రమ తీసుకునేటప్పుడు కార్మికుడు, హక్కు అడిగేటప్పుడు విద్యార్థి. ఈ ద్వంద్వ నీతిని విమర్శించాల్సిందే. కానీ దరఖాస్తులో తారీఖులు మార్చడం ఆ విమర్శ కాదు.

చేయాల్సింది

ముందుగా నిజమైన గంటలు కాగితం మీద పెట్టుకోవాలి. తరగతులు ఎప్పుడు, డ్యూటీ ఎప్పుడు, ప్రయాణం ఎంత, సెలవులు ఎన్ని. సాయంత్రం తరగతులో, ఆదివారం తరగతులో, రాత్రి డ్యూటీయో అయితే అదే రాసి ఒక వివరణ లేఖ జతచేయాలి. యజమాని ఇచ్చే లేఖలో హోదా, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం, తారీఖులు ఉండాలి. దానికి తోడుగా పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ ఖాతా వివరాలు పెట్టుకోవాలి. జీతం చేతికిచ్చే బడిలో పని చేస్తున్నవాళ్లు ఇప్పటి నుంచే బ్యాంకులో వేయమని అడగాలి. వెళ్లని క్లాసులకు వెళ్లినట్టు కాలేజీ నుంచి కొత్త లేఖ తేవడం మాత్రం గొయ్యిని ఇంకా లోతుగా తవ్వుకోవడమే. గంటలు పొసగని కాలాన్ని పాయింట్లకు చూపకుండా వదిలేసి, చరిత్రలో ఉన్నదున్నట్టు రాయాలి.

ఇది ఒక్కొక్కరూ విడిగా తేల్చుకునే విషయంగా మిగిలిపోకూడదు. యూజీసీ 2022 నిబంధనలు యజమాని అనుమతి పత్రంతో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వీలిచ్చాయి. పని చేస్తూ పరిశోధన చేయవచ్చని అక్కడ ఒప్పుకున్నప్పుడు, పని చేస్తూ టీచర్ శిక్షణ పొందేందుకు సాయంత్రం కోర్సు ఎందుకు ఉండకూడదు? పనిచేసే విద్యార్థి ఆ మాట చెప్పినందుకు స్కాలర్‌షిప్ ఎందుకు పోవాలి? విద్యార్థి సంఘాలు అడగాల్సిన ప్రశ్నలివి. హాజరు అమ్ముకునే కాలేజీని వదిలేసి, కొనుక్కోక తప్పని విద్యార్థినే దొంగగా చూసినంత కాలం ఆ అబద్ధం భారం పని చేస్తూ చదివినవాళ్ల మీదే పడుతుంది.