ఉచితమే, కాని ఊరకనే కాదు

ఢిల్లీలో ‘ఉచితం’ అంటే ఓట్ల భాషే స్ఫురిస్తుంది. 2015లో కేంద్రం తన శాఖలలో ఓపెన్ సోర్సుకు ప్రాధాన్యమిచ్చినపుడూ అంతే. లైసెన్సు షరతులను పట్టించుకున్నవారు తక్కువ.

కంప్యూటర్ ప్రోగ్రామును మన పార్లమెంటు 1984లో కాపీరైటు చట్టం కిందికి తెచ్చింది. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1989లో వెలువరించిన జీపీఎల్ అటువంటి హక్కును వదులుకోలేదు. దానినే ఆయుధం చేసుకున్నది. మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కాని కొన్నవానికి మూల సంకేతాన్ని అదే లైసెన్సుపై ఇవ్వాలి.

భిలాయి చెంతనున్న చరోదాలో ఒక తెలుగు యువకుడు దుకాణాలకు లెక్కల ప్రోగ్రాము అమ్ముతున్నాడనుకుందాం. జీపీఎల్ కోడును అందులో కలిపి అమ్మితే, తాను స్వయంగా వ్రాసినదీ ఆ షరతుకు లోబడుతుంది. లోకానికంతటికీ పంచనక్కరలేదు, కొన్నవారికిస్తే చాలు. వారు ఇతరులకిస్తే మాత్రం అడ్డుకోలేడు. నిరాకరిస్తే అది కాపీరైటు ఉల్లంఘనే. సొంత సర్వరుపై నడిపి సేవను మాత్రమే అమ్మితే ఈ బాధ్యత లేదు. మార్చిన ప్రోగ్రాముల విషయంలో ఆ సందును కూడా 2007 నాటి అఫెరో జీపీఎల్ మూసివేసింది.