లెక్కకెక్కని బతుకులు

2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు మన బస్తీలలో అందరి నోటా వచ్చిన మొదటి ప్రశ్న, "రేపు బండి పెట్టనిస్తారా?" అన్నదే. పండ్లబండి, పంక్చరు దుకాణం, కుట్టుమిషను, ఆటో, మాంసం కొట్టు, వెల్డింగు షెడ్డు. వీటిమీద బతికే కుటుంబాలకు ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం లేదు, నెల తిరిగేసరికి ఖాతాలో పడే జీతమూ లేదు. "ఇంటిపట్టున ఉండండి, ఆరోగ్యం కాపాడుకోండి, ఈ తీరికలో కొత్త నైపుణ్యాలు నేర్చుకోండి" అని ఆనాడు పత్రికలూ టీవీలూ హితవు పలికాయి. నెలజీతం ఉన్నవారికి అది మంచి హితవే. రోజు సంపాదనతో పొయ్యి వెలిగించేవారికి మాత్రం ఆరోగ్యం ఒకచోట, ఉపాధి మరొకచోట ఉండవు. జ్వరం వస్తే పని పోతుంది. పని పోతే మందు కొనే దారి మూసుకుపోతుంది.

ఈ స్థితి కరోనాతో పుట్టింది కాదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక దీనిని ముందే అంకెలతో చూపింది. ముస్లిం పురుష శ్రామికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారం మీద ఆధారపడుతున్నారని, దేశ సగటు 8 శాతం కన్నా తక్కువేనని అది పేర్కొన్నది. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం ఇంటి గడప దాటకుండానే పనిచేస్తున్నారని, మొత్తం శ్రామిక స్త్రీలలో ఈ వాటా 51 శాతమని కూడా చెప్పింది. బీడీలు చుట్టే తల్లులు, మగ్గం పని చేసే ఆడపిల్లలు, లాడ్‌బజార్ గాజులకు రాళ్లు అతికే చేతులు ఈ లెక్క వెనుక ఉన్న మనుషులు. వీధి మూతపడితే మగవాడి పని ఆగుతుంది. ముడిసరుకు తెచ్చే మధ్యవర్తి రాకపోతే ఆడవారి పని ఆగుతుంది. 2020లో ఒకే ఇంట్లో రెండూ ఒకే వారంలో ఆగిపోయాయి. ఏడాది అమ్మకాలలో పెద్ద భాగం జరిగే రంజాన్ మాసం మూసిన షట్టర్ల నడుమ గడిచింది. మరుసటి ఏడాది మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ మొదలైంది. మరి రెండు రోజులకే ఈద్.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే నెలలో ఇమాములకు, మౌజన్‌లకు, పూజారులకు, పాస్టర్లకు తలా 5,000 రూపాయలు అందాయి. జూన్‌లో సొంత వాహనం ఉన్న ఆటో డ్రైవర్లకు, దుకాణాలు ఉన్న దర్జీలకు 10,000 రూపాయల చొప్పున అందాయి. తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. ఇవన్నీ ఆహ్వానించదగినవే. అయితే వీటిలో ఒక సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఏదో ఒక రిజిస్టరులో పేరున్నవారికే సాయం చేరింది. దుకాణం ఉన్న దర్జీకి చేరినది, ఇంటి మూలన మిషను పెట్టుకుని రోజుకు నాలుగు జాకెట్లు కుట్టే వితంతువుకు ఎలా చేరుతుంది? అద్దె ఆటో నడిపేవాడు ఏ జాబితాలో కనిపిస్తాడు? పని ఉన్నా, ఆ పనికి కాగితం లేదు. మన కష్టాలన్నిటికీ వివక్ష ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటే ఈ లోపం మన కంట పడదు.

అలాగని వివక్షను తక్కువచేసి చూడలేము. నిజాముద్దీన్ మర్కజ్ వార్తల తర్వాత వ్యాధికి మతం అంటగట్టారు. పేరు అడిగి పండ్లు కొనడం మానుకున్న వీధులున్నాయి. ఆ మాటలు బండివాడి రాబడిని కోసినంతగానే అతని మనసును కూడా కోశాయి. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లున్నదని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చేసరికి నెలలు గడిచాయి. తొలగిపోయిన నింద పోయిన బేరాన్ని తిరిగి తేలేదు.

మరొక విపత్తు రాకముందే మనం చేసుకోవలసిన పనులను ఇకనైనా ఆలోచించాలి.

మొదటిది, పనికి గుర్తింపు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అయిదేళ్లకు ఒకసారైనా సర్వే జరగాలి, వ్యాపారం చేసుకునే ధ్రువపత్రం ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. వారిలో మైనారిటీలకు తగిన చోటు ఇవ్వాలని ఆ చట్టమే చెబుతున్నది. మన పట్టణాల కమిటీలలో మనవారు ఎందరున్నారో ఎన్నడైనా విచారించామా? 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి పథకం తొలి విడతగా 10,000 రూపాయల రుణం ఇచ్చినప్పుడు కూడా గుర్తింపు కార్డు, లేదా స్థానిక సంస్థ సిఫారసు పత్రం అడిగారు. 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ ప్రారంభమైంది. 16 నుండి 59 ఏళ్లలోపు అసంఘటిత శ్రామికులు ఆధార్‌తో ఉచితంగా నమోదు కావచ్చు. అందులో పేరు ఎక్కినంత మాత్రాన డబ్బు రాదు. కాని ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీ కూడా శ్రామికురాలే అనడానికి అది ఒక ఆధారం. జుమా నమాజు తర్వాత మసీదు ఆవరణలో ఒక బల్ల వేసి, చదువుకున్న నలుగురు యువకులు కూర్చుంటే నెలరోజులలో మొహల్లా మొత్తం నమోదవుతుంది.

రెండవది, పెట్టుబడి. ఆ రోజులలో రేషన్ సంచులు మోసుకుని మేమూ గల్లీలు తిరిగాము. ఆ సేవలో మన సమాజం చూపిన ఉదారత గర్వించదగినది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. బియ్యం సంచి పదిహేను రోజులు నిలుస్తుంది. బండి సరుకుకు పెట్టుబడి ఇచ్చి ఉంటే ఆ ఇల్లు ఏడాది నిలబడేది. చాలామంది వడ్డీ వద్దనుకుని బ్యాంకు గడప తొక్కరు. చివరకు బ్యాంకుకన్నా ఎన్నో రెట్లు పిండే రోజువారీ వడ్డీ వ్యాపారికే చిక్కుతారు. ఈ వైరుధ్యానికి జవాబు మన చేతిలోనే ఉన్నది. జకాత్‌లో ఒక నిర్ణీత భాగాన్ని పోయిన ఉపాధిని నిలబెట్టడానికి కేటాయించాలి. సదకా, విరాళాలతో మొహల్లా స్థాయిలో వడ్డీలేని రుణనిధిని నడపాలి. పుచ్చుకునేవారి ఫొటోలు తీయడం మాత్రం మానాలి. సాయం పొందిన ఇంటి పరువు కూడా ఆ ఇంటి ఆస్తే.

మూడవది, మనసు. సంపాదన ఆగిన మగవాడు ఇంట్లో చెప్పుకోలేక రాత్రులు కన్నార్పకుండా గడిపాడు. కువైట్ నుండి ఒట్టి చేతులతో తిరిగివచ్చిన కడప యువకుడు ఊళ్లో తల ఎత్తుకోలేకపోయాడు. అందరికీ వండిపెట్టి, రోగికి సేవ చేసి, తాను చివర తిని పడుకున్న స్త్రీని "నీకెలా ఉంది?" అని అడిగినవారు అరుదు. దిగులు ముదిరితే ఈమాన్ తగ్గిందని మందలించడమో, తావీజు కట్టించడమో మన ఇళ్లలో నేటికీ ఉన్నది. దుఆ చేయండి. దానితోపాటు వైద్యుడినీ చూడండి. మానసిక వైద్యం పొందడం 2017 నాటి చట్టం ఇచ్చిన హక్కు. 2022 అక్టోబరు నుండి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి మసీదు గోడ మీద, ప్రతి మదర్సా బోర్డు మీద ఉండాలి.

సిరియాలో ప్లేగు చెలరేగినదని విని ఖలీఫా ఉమర్ (రజి) తన బృందాన్ని దారిలోనే వెనక్కు మళ్లించారు. విధిపై విశ్వాసం, ముందు జాగ్రత్త ఒకదానికొకటి విరుద్ధం కావని ఆ నిర్ణయం చెబుతున్నది. మనం సబ్ర్ అన్న మాటను చాలాకాలంగా ఊరకుండడానికి పర్యాయపదంగా వాడుకుంటున్నాము. లాక్‌డౌన్ నాటి బస్తీలను చూసిన తర్వాత కూడా ఆ అర్థంతోనే సరిపెట్టుకోలేము.

ప్రభుత్వాన్ని మేము కోరేది ఒక్కటే. ఇంటి మూలన, వీధి అంచున జరిగే పనిని పనిగా గుర్తించి, విపత్తు రాకముందే లెక్క రాయండి. మన సమాజాన్ని కోరేదీ అంతకన్నా వేరు కాదు. ఈ జుమా నాడే మసీదు ఆవరణలో ఆ బల్ల వేయండి. మొదటి పేరుగా మీ వీధి చివర పండ్లబండి వాడి పేరు రాయండి, రెండవ పేరుగా అతని ఇంట్లో కుట్టుమిషను తొక్కే ఇల్లాలి పేరు రాయండి.