బస్తాన్నర బరువెత్తిన మన ఆడపిల్ల



శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగే మనవారికి ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట తెలిసే ఉంటుంది. ఆ ఊళ్ళో పెరిగిన కరణం మల్లీశ్వరిని గూర్చి ఈ నెల వ్రాస్తున్నాము.

తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. ఇంట్లో ఐదుగురూ ఆడపిల్లలే. పన్నెండేళ్ళ మల్లీశ్వరి బరువులెత్తుతానంటే, సన్నగా ఉన్నావు, నీకు చాలదని మొదట వెనక్కి పంపారట. తల్లి శ్యామల మాత్రం పంపలేదు. నీవల్ల అవుతుందని ధైర్యం చెప్పింది. మన ఇళ్ళలో పిల్ల ఆటకు పోతానంటే ముందు పెళ్ళి సంగతే ఎత్తుతాము గదా! అందుకే ఈ తల్లి మాకు గొప్పగా కనిపిస్తుంది. నీలంశెట్టి అప్పన్న గారు తొలి గురువు.

1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్‌జౌలో ప్రపంచ విజేత అయింది. అప్పుడు ఆమెది 54 కిలోల తరగతి. తర్వాత 69 కిలోల తరగతికి మారితే, ఇక ఈమె పని అయిపోయిందన్నవారున్నారు.

2000 సెప్టెంబరు 19, సిడ్నీ. ఒలింపిక్స్‌లో స్త్రీలకు బరువుల పోటీ పెట్టడం అదే మొదలు. నేల మీది బరువును ఒక్క ఊపున తలపైకి లేపే స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తింది. ముందు భుజాలకు, అక్కడినుండి పైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మన 80 కిలోల ధాన్యపు బస్తా ఒకటి, దానిపై సగానికి మించి! మొత్తం 240. చివరిసారి బంగారు పతకం కోసం 137.5 అడిగింది. బరువు నిలువలేదు. గెలిచిన చైనా వనిత మొత్తం 242.5 మాత్రమే. అత్యాశ అన్నారు కొందరు, మేమలా అనలేము. కంచు పతకం దక్కింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత స్త్రీ ఆమే.

2001లో కొడుకు పుట్టాడు. 2002లో తండ్రి మరణించడంతో కామన్వెల్త్ క్రీడలకు వెళ్ళలేదు. 2004 ఏథెన్స్ తర్వాత పోటీలు మానింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌ఛాన్సలరుగా నియమించారు.

మన పక్క విజయనగరం జిల్లా కొండవెలగాడలోనూ ఆడపిల్లలు బరువులెత్తుతున్నారు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ముందు కంచు అందుకుంది; పైనున్న అమ్మాయి నిషిద్ధ మందు వాడినట్లు తేలాక అది వెండి అయింది.