తాళం తిప్పితే వచ్చే కరెంటుకు దారి చూపండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,



కారు కొన్నాక చాలామంది దానికి ఏదో ఒకటి బిగించుకుంటారు. ఫాగ్‌ల్యాంపులు, డ్యాష్‌క్యామ్, యాంప్లిఫయర్. వేగం మీద మోజున్న కుర్రాళ్లయితే టర్బో బూస్ట్ గేజీ, పెద్ద ఇంధన పంపు. వీటన్నిటికీ తాళం తిప్పితే వచ్చి, తీస్తే పోయే 12 వోల్టుల కరెంటు కావాలి. దాన్ని కారులో ఎక్కడి నుంచి తీసుకోవాలో తయారుచేసిన కంపెనీ మామూలుగా చెప్పదు. ఈ లేఖ దాని గురించే.

కంపెనీ చెప్పదు కాబట్టి మెకానిక్ వెతుక్కుంటాడు. స్టీరింగ్ కింద మూత ఊడదీసి టెస్ట్ ల్యాంపు సూదితో ఒక్కో తీగా గుచ్చి చూస్తాడు. తాళం తిప్పినప్పుడు మాత్రమే వెలిగే తీగ దొరకగానే, దాని తొడుగు చీల్చి, కొత్త తీగ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేస్తాడు. లైటు వెలుగుతుంది, డబ్బులిచ్చి వచ్చేస్తాం. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. హైదరాబాద్ కోఠీలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా, వైరింగ్ డయాగ్రమ్ చేతికందని మనిషి అంతకన్నా ఏం చేయగలడు?

ప్రమాదం ఆ తీగ మందంలో ఉంది. 100 వాట్ల బల్బులు రెండు వేస్తే 12 వోల్టుల దగ్గర దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. గుచ్చి పట్టుకున్న తీగ 10 ఆంపియర్ల ఫ్యూజుకు సరిపడా వేసినది కావచ్చు. అప్పుడు ఫ్యూజు పోతుంది, పోవడమే దాని పని. కానీ ఆ ఎర్ర ఫ్యూజు తీసి 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టేవాళ్లున్నారు. ఆ తర్వాత కాలేది తీగే. బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా లాగిన తీగ ఇంకా భయంకరం. ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకులోంచి రబ్బరు బుష్ లేకుండా దూరిస్తే, రాపిడికి తొడుగు అరుగుతుంది. లోపలి రాగి రేకుకు తగిలిన క్షణాన బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది.

ఇంధన పంపు సంగతి వేరుగా చెప్పాలి. దాన్ని రేడియో లాంటివాటికి కరెంటిచ్చే యాక్సెసరీ లైనుకు కలిపితే, స్టార్టరు తిరిగేటప్పుడు చాలా కార్లలో ఆ లైను ఆగిపోతుంది కాబట్టి, పెట్రోలు కావలసిన ఘడియలోనే పంపు పనిచేయదు. ఇంజను నడవడానికి కరెంటిచ్చే ఇగ్నిషన్ లైనుకు కలిపితే బండి స్టార్టవుతుంది గానీ, అసలు ముప్పు అక్కడే. కంపెనీ పంపును ఇంజను కంప్యూటరు నడుపుతుంది, ఇంజను ఆగిపోతే పంపునూ ఆపేస్తుంది. ఇలా బయట కలిపిన పంపుకు ఆ కాపలా లేదు. కారు గుద్దుకుని ఇంజను ఆగిపోయినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ తెగిన గొట్టంలోకి పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

సరైన పద్ధతి ఎప్పటినుంచో ఉంది. తాళం తీగ రిలేకు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చుకు, సైగ మాత్రమే ఇవ్వాలి. రిలే కాయిలుకు సాధారణంగా ఆంపియరులో ఐదోవంతు కూడా అక్కర్లేదు. అసలు కరెంటు బ్యాటరీ పక్కనే పెట్టిన ఫ్యూజు మీదుగా, లోడుకు తగిన మందమున్న తీగలో రావాలి. బటన్ నొక్కితే స్టార్టయ్యే నేటి కార్లలో స్టీరింగ్ దగ్గరి చాలా తీగలు కంప్యూటర్లకు సంకేతాలు చేరవేసేవి. వాటిని చీలిస్తే ఏ హెచ్చరిక దీపం వెలుగుతుందో, ఏ రక్షణ ఏర్పాటు మొరాయిస్తుందో బిగించినవాడికీ తెలియదు.

అమెరికాలో ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కులకూ, జీప్ రాంగ్లర్‌కూ తర్వాత బిగించుకునే పరికరాల కోసం అదనపు స్విచ్చులను కంపెనీయే అమర్చి ఇస్తోంది. వాటికి ఫ్యూజులు, రిలేలు ముందే ఉంటాయి. ఏ తీగ ఎన్ని ఆంపియర్లు భరిస్తుందో పుస్తకంలో రాసి ఉంటుంది. మన దేశంలో ఇది మామూలు కారుకూ రావాలి.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన ప్రకారం ప్రతి కొత్త మోడలూ పరీక్షా సంస్థ ఆమోదం పొందాకే మార్కెట్‌లోకి వస్తుంది. ఆ ఆమోదానికి ఒక షరతు చేర్చండి: ఫ్యూజుతో, రిలేతో, ఆంపియర్ల పరిమితి రాసిన చీటీతో, తాళంతో పనిచేసే ఒక కనెక్టరు ప్రతి కారులో ఉండాలి. దాని చిత్రం ఓనర్స్ మాన్యువల్‌లో తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో అచ్చు కావాలి. ఐటీఐల్లో ఆటో ఎలక్ట్రికల్ నేర్చుకునే పిల్లలకు రిలే వైరింగ్ చేతిపనిగా నేర్పించి పరీక్ష పెట్టించండి. ఇప్పటికే దుకాణాల్లో పనిచేస్తున్నవారికి చిన్న శిక్షణ, ఒక ధ్రువపత్రం ఇస్తే మాలాంటివాళ్లం ఆ దుకాణాన్నే వెతుక్కుంటూ వెళతాం.

ఎదుటివారి కళ్లు చెదరగొట్టే లైట్లకు అనుమతి ఇమ్మని నేను అడగడం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు హద్దులు పెట్టింది, 182ఎ సెక్షన్ హద్దు దాటిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అవి ఉండాలి. అయితే చట్టం అనుమతించిన ఫాగ్‌ల్యాంపు పెట్టుకునేవాడికి కూడా ఈరోజు చాలాసార్లు తీగ చీల్చడమే దారవుతోంది.

వేసవి వస్తే నడిరోడ్డు మీద కాలిపోయిన కార్ల వార్తలు చదువుతూనే ఉంటాం. ‘షార్ట్ సర్క్యూట్’ అన్న ఒక్క మాటతో వార్త ముగుస్తుంది. ఏ తీగ, ఎవరు కలిపింది, ఫ్యూజు ఉందా లేదా అన్నది కూడా ప్రమాద నివేదికలో తప్పనిసరిగా రాయించండి. తదుపరి ఆమోదాల నుంచే ఆ కనెక్టరు షరతు అమలయ్యేలా ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక కారు యజమాని