స్విచ్ ఆపినా బల్బు వెలుగుతోందా?

రాత్రి లైట్ ఆపేసి పడుకుంటారు. కళ్లు చీకటికి అలవాటయ్యాక పైకి చూస్తే ఎల్ఈడీ బల్బు మసగ్గా వెలుగుతూనే ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఐదారు సెకన్లకోసారి తళుక్కుమని ఆరిపోతుంది. వీడియో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే సగం మంది ‘దెయ్యం రా’ అంటారు, మిగతా సగం ‘బల్బు మార్చెయ్’ అంటారు. బల్బు మారుస్తే ఒక్కోసారి సమస్య పోయినట్టే ఉంటుంది. కానీ అసలు బగ్ గోడలోనే ఉండిపోవచ్చు. ఆ బగ్ ఏంటో చూద్దాం.

పాత బల్బుకి లేని రోగం దీనికెందుకు?

పాతకాలం 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సరిగ్గా వెలగాలంటే దాదాపు పావు ఆంపియర్ కరెంటు కావాలి. కాస్తో కూస్తో లీకైతే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎల్ఈడీ అలా కాదు. లోపలున్న కెపాసిటర్ ఆ చిటికెడు కరెంటునీ కొద్దికొద్దిగా పోగేసుకుంటుంది. సరిపడా చేరగానే బల్బు ఓసారి మెరుస్తుంది. ఖాళీ అయ్యాక మళ్లీ మొదలు. ఆ తళుకుల వెనక కథ ఇంతే.

2015లో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్ఈడీలు ఊరూరా చేరాయి. వైరింగ్ మాత్రం చాలా ఇళ్లలో పాతదే. పాత బల్బు కడుపులో దాచుకున్న తప్పుల్ని కొత్త బల్బు బయటపెడుతోంది.

అనుమానితులు ముగ్గురు

ఒకటి, ఇండికేటర్ స్విచ్. ఆఫ్‌లో ఉన్నప్పుడు చిన్నగా ఎర్రలైటు వెలిగే స్విచ్ అయితే, ఆ లైటుకి కావాల్సిన కరెంటు మీ బల్బు గుండానే వెళ్తుంది. మామూలు స్విచ్ వేయిస్తే సరి. ప్రమాదం లేదు.

రెండు, ఒకే పైపులో పక్కపక్కనే చాలా దూరం నడిచే వైర్లు. కరెంటు ఉన్న వైరు పక్కనున్న ఖాళీ వైరులోకి కొద్దిగా ప్రభావం చూపిస్తుంది. ఇదీ పెద్దగా భయపడాల్సింది కాదు.

మూడోవాడే అసలు విలన్. స్విచ్‌ని ఫేజ్ వైరులో కాకుండా న్యూట్రల్ వైరులో పెట్టేయడం. బల్బు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది. ఎవరికీ అనుమానం రాదు. కానీ ట్యాంకు దగ్గర వాల్వ్ కట్టకుండా, చివర నీళ్లు బయటికిపోయే గొట్టాన్ని మూసినట్టు అన్నమాట. నీళ్లు పారవు, కానీ పైపు నిండా ప్రెషర్ ఉంటుంది. అలాగే స్విచ్ ఆపినా హోల్డర్ దాకా 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. మన దేశ వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 ప్రకారం ఇలాంటి సింగిల్ పోల్ స్విచ్ ఫేజ్‌లోనే ఉండాలి.

ఇప్పుడు పండగ ముందు ఇల్లు దులపడం గుర్తు తెచ్చుకోండి. ‘స్విచ్ ఆపేశాగా’ అనే ధైర్యంతో అమ్మ స్టీలు స్టూలెక్కి తడిగుడ్డతో హోల్డర్ తుడుస్తుంది. షాక్ ఒకటి, కిందపడటం ఇంకొకటి.

మీరు చేయగలిగే టెస్ట్

బోర్డు విప్పకండి. 50 రూపాయల్లోపు దొరికే నియాన్ టెస్టర్ ఉంటే చాలు. మూడు రంధ్రాల సాకెట్‌ని ఎదురుగా చూడండి. పైన పెద్ద రంధ్రం ఎర్త్. కింద కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్. సాకెట్ స్విచ్ వేసి, టెస్టర్ ముందున్న లోహపు కడ్డీని తాకకుండా, వెనకున్న మెటల్ బొడిపె మీద వేలు పెట్టి చూడండి. కుడివైపు వెలగాలి, ఎడమవైపు వెలగకూడదు. షట్టర్ ఉన్న సాకెట్లలో టెస్టర్ దూరదు, బలవంతం చేయొద్దు.

ఒక్క సాకెట్‌లోనే తిరగబడి ఉంటే, ఆ బోర్డులో ఎవరో వైర్లు మార్చి బిగించారు. అదే చేయి లైటు స్విచ్‌కీ తగిలుండొచ్చు, ఆ బోర్డంతా చూపించాలి. ఇంట్లో అన్నీ తిరగబడి ఉంటే తేడా మీటర్ వైపు నుంచో, స్తంభం నుంచో వస్తోంది. లైన్ రిపేరు తర్వాత ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే ఇల్లంతా ఒకేసారి ఇలా అవుతుంది. మీటర్‌ని ముట్టుకోవద్దు, 1912కి ఫోన్ చేయండి. రెండువైపులా టెస్టర్ వెలిగి, ప్లగ్ పెట్టినవేవీ పనిచేయకపోతే న్యూట్రల్ ఎక్కడో తెగిందని అనుమానించాలి.

సాకెట్లన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన లైటు స్విచ్‌కి క్లీన్‌చిట్ ఇచ్చినట్టు కాదు. దాన్ని హోల్డర్ దగ్గర ఎలక్ట్రీషియనే చూడాలి.

ఇంకో మాట. టెస్టర్ వెలిగితే కరెంటు ఉన్నట్టు. వెలగకపోతే లేనట్టు అని మాత్రం కాదు. టెస్టర్ పాడై ఉండొచ్చు, మీ చెప్పులు మందంగా ఉండొచ్చు. ముందు కచ్చితంగా కరెంటున్న చోట చూసి, తర్వాత అనుమానమున్న చోట చూసి, మళ్లీ మొదటి చోట చూడటం పద్ధతి.

ఇన్వర్టర్ ఉచ్చు

బల్బు మార్చడానికైనా మెయిన్ ఆపడం మంచిదే. కానీ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే దానికి ‘కరెంటు పోయింది’ అని అర్థం. వెంటనే బ్యాటరీ నుంచి లైట్లకీ ఫ్యాన్లకీ అదే 230 వోల్టులు ఇచ్చేస్తుంది. కాబట్టి మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. ఒక్కటి ఆపితే చాలదు.

మెట్ల దగ్గర స్విచ్

కింద ఒకటి, పైన ఒకటి ఉండే టూ వే స్విచ్‌లు కంప్యూటర్ సైన్స్ వాళ్లకి పాత చుట్టం. అదొక ఎక్సార్ గేట్. ఏ స్విచ్ మార్చినా లైటు స్థితి మారాలి. పైన స్విచ్ ఒక పొజిషన్‌లో ఉంటేనే కింద స్విచ్ పనిచేస్తోందంటే మీ ఎక్సార్ కాస్తా యాండ్ గేట్ అయిపోయిందన్నమాట. రెండు స్విచ్‌ల మధ్య నడిచే రెండు వైర్లలో ఒకటి ఊడి ఉండాలి, లేదా స్విచ్‌లో ఒక కాంటాక్ట్ పోయి ఉండాలి. ఈమధ్యే స్విచ్ మార్పించాక మొదలైతే, కామన్ టెర్మినల్‌లో ఉండాల్సిన వైరు పక్కదానిలో పెట్టారేమో చూడమనండి.

వీటికి వెయిట్ చేయొద్దు

స్విచ్ దగ్గర చిటపట శబ్దం, ప్లేటు వేడెక్కడం, ప్లాస్టిక్ కాలిన వాసన, పసుపు మరక. ఇవి లూజ్ కనెక్షన్ గుర్తులు. స్క్రూ వదులైన చోట రెసిస్టెన్స్ పెరిగి వేడి పుడుతుంది. కరెంటు మాత్రం ఎక్కువ పోదు కాబట్టి ఎంసీబీ పడదు. ‘ట్రిప్ అవ్వలేదు కదా, ఏం కాదులే’ అనుకోవడం ఇక్కడే కొంప ముంచుతుంది. ఎంసీబీ ఉన్నది వైర్లని కాపాడటానికి. మనిషికి షాక్ తగిలినప్పుడు కట్ చేసేది ఆర్‌సీసీబీ. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లది వేయిస్తారు. మీ ఇంట్లో ఉందా? టి అనే అక్షరంతో చిన్న టెస్ట్ బటన్ ఉంటే చాలావరకు అదే. నొక్కితే పడిపోవాలి.

అద్దింట్లో ఉన్నవాళ్లకి ‘బల్బు మార్చుకో బాబూ’ అనే జవాబు కొత్త కాదు. అందుకే మెసేజ్‌లో లక్షణం కాదు, ప్రమాదం రాయండి: ‘అంకుల్, హాల్ లైటు స్విచ్ న్యూట్రల్‌లో ఉందని అనుమానంగా ఉంది. అదే అయితే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, షాక్ కొట్టొచ్చు. ఒకసారి ఎలక్ట్రీషియన్‌ని పంపండి ప్లీజ్.’

ఎలక్ట్రీషియన్ వచ్చాక మీరు అడగాల్సింది ఒక్కటే: ‘అన్నా, స్విచ్ ఫేజ్‌లోనే ఉందా? హోల్డర్ దగ్గర ఒకసారి చెక్ చేసి చూపించు.’ వైర్లు తిప్పి బిగించడం పెద్ద పనేం కాదు. అది అయ్యేదాకా ఆ హోల్డర్ మీద ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి. ముఖ్యంగా స్టూలెక్కే వాళ్లకి.